గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు: ఆయన విద్యయు, విజయమును

మన కోటబొమ్మాళిలో సంతనాడు బజారున నడచువారికి ఏదో యొక దుకాణమునుండి ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కంఠము వినవచ్చుట క్రొత్త సంగతి కాదు. పెండ్లిపందిళ్లలోను, జాతరలలోను, మోటారు బస్సులలోను ఆ కంఠము మ్రోగుచునే యుండును. ఆయన దివంగతుడై అర్ధశతాబ్దము దాటినది. ఆయనను కన్నులార చూచినవారు మనలో మిక్కిలి కొలదిమంది. ఐనను ఆయన పాట చెవిని పడని తెలుగువారు కూడ అంతే కొలదిమంది యనవచ్చును.

ఈ వ్యాసము వ్రాయుటకు రెండు ప్రశ్నలు కారణములైనవి. మన వార్షికోత్సవమునకు పాటలు అభ్యసింపజేయుచున్న దినములలో ఒక విద్యార్థి నన్ను సమీపించి, "మాస్టారూ, ఘంటసాలగారు బాలరాజు చిత్రముతో ఒక్కమారే పెద్దవారైరట గదా! అట్టి యదృష్టము మాకును పట్టగూడదా?" అని యడిగెను. ఆ వారములోనే మఱియొక బాలుని తండ్రి వచ్చి, "మావాడు పుస్తకము విడిచి పాటలు పట్టుకొని తిరుగుచున్నాడు. పాట కూడు పెట్టునా, మాస్టారూ? మీరైనను వానికి బుద్ధి చెప్పుడు" అనెను. మొదటి ప్రశ్నలో ఆశ గలదు. రెండవదానిలో భయము గలదు. రెంటికిని నేనప్పుడు సరియైన ప్రత్యుత్తరము నీయజాలనైతిని. ఆ మహాగాయకుని జీవితమును క్రమముగా పరిశీలించిన పిమ్మట, రెండు ప్రశ్నలకును అందులోనే సమాధానము గలదని తోచినది. దానిని మన విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను ఉంచుచున్నాను.

ఘంటసాల 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన, కృష్ణామండలమున గుడివాడకు సమీపమున నున్న చౌటపల్లి గ్రామమున జన్మించెను. తండ్రి పేరు సూరయ్య, తల్లి పేరు రత్తమ్మ. సూరయ్య ధనవంతుడు కాడు. మృదంగము వాయింప నేర్చినవాడు. నారాయణతీర్థుల తరంగములను భక్తితో పాడువాడు. చిన్న కుమారుని భుజముపై నెక్కించుకొని భజనలకు పోయెడివాడు. తండ్రి తరంగము పాడుచుండగా బాలుడు లయ తప్పక నాట్యమాడెడివాడు. చూచినవారు వానిని 'బాలభరతుడ'ని ముద్దుగా పిలిచిరి. ఇట్లు అక్షరములకంటె ముందుగా తాళము వానికి పట్టుపడెను.

బాలునకు పండ్రెండేండ్లైనను నిండకమునుపే సూరయ్య మరణించెను. సంగీతవిద్యను విడువక నేర్వుమని ఆయన కుమారునికి చెప్పిపోయెను. ఇంటిలో వేరు ఆస్తి లేదు. ఆ మాటయే ఆస్తి. మేనమామ కుటుంబభారమును వహించెను. బాలుడు తండ్రిమాటను మరువక, గురువులకొఱకు వెదకసాగెను. ఆ కాలమున సంగీతము నేర్వదలచిన పేదబాలునకు పాఠశాల యుండెడిది కాదు. గురువుగారి యింట చేరి, నీరు తోడి, బట్టలుతికి, వంట చేసి, తీరిక దొరకినప్పుడు పాఠము చెప్పించుకొనవలసినదే. ఘంటసాల అట్టి ఊడిగము చేసెను. ఐనను పనిచేసిన గంటలెక్కువ, పాఠము జరిగిన గంటలు తక్కువ. ఇట్లైనచో విద్య పూర్తి కాదని గ్రహించి, విజయనగరమునకు పోవ నిశ్చయించుకొనెను. దారిఖర్చునకు చేతిలో ధనము లేకపోవుటచే తన వేలి యుంగరము నమ్మి ప్రయాణమయ్యెను.

మనము కోటబొమ్మాళిలో రైలెక్కి, తిలారు, శ్రీకాకుళం రోడ్డు, పొందూరు, చీపురుపల్లి దాటిపోయినచో విజయనగరము చేరుదుము. మనకు అంత సమీపమైన ఆ పట్టణమునకు ఆ బాలుడు కృష్ణాతీరమునుండి వెదకుకొని వచ్చుటకు కారణమేమి? అచట మహారాజావారి సంగీత కళాశాల గలదు. పూసపాటి విజయరామ గజపతిరాజుగారు దానిని 1919వ సంవత్సరమున స్థాపించిరి. హరికథా పితామహులని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. వారి పిమ్మట, 1936లో, వాయులీన విద్వాంసులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పదవిని స్వీకరించిరి. గురువు ఇంటి పనులతో నిమిత్తము లేక, నియమిత కాలమున, నియమిత పాఠక్రమమున, తరగతులలో సంగీతమును బోధించు ఆ విద్యాలయము తెలుగుదేశమున నాడు అపూర్వమైనది. పేదబాలుడు అట్టిచోటును వెదకుట సహజమే.

కాని అతడు చేరునప్పటికి వేసవి సెలవులు వచ్చి, కళాశాల తలుపులు మూయబడి యుండెను. ఊరు క్రొత్తది; తెలిసినవా రెవ్వరును లేరు; చేతిలోని ధనము దారిలోనే చెల్లిపోయెను. అతడు ద్వారంవారిని దర్శించి తన స్థితిని విన్నవించుకొనగా, వారు కనికరించి, సెలవులు ముగియువఱకు కళాశాల యావరణముననే తలదాచుకొనుట కనుమతించిరి. తరువాత గాత్రోపాధ్యాయులైన పట్రాయని సీతారామశాస్త్రిగారు అతనిని శిష్యునిగా చేరదీసిరి. సీతారామశాస్త్రిగారిని 'సాలూరు చినగురువుగారు' అని ఈ ప్రాంతమువారు గౌరవముతో పిలిచెడివారు. గాయకులే కాక స్వయముగా కృతులు రచించిన వాగ్గేయకారులు. వారికిని సంపద లేదు. ఐనను ఈ శిష్యునికి ధనమాశింపక విద్య నేర్పిరి.

విద్య దొరకెను గాని అన్నము దొరకవలెను. నాటి పేదవిద్యార్థులకు మధుకరవృత్తి యనునది యొకటి యుండెడిది. తుమ్మెద ఒక్క పువ్వునే పీడింపక పలుపువ్వుల నుండి కొంచెము కొంచెముగా తేనెను గ్రహించునట్లు, విద్యార్థి భుజమున జోలె తగిలించుకొని, పలు గృహముల యెదుట నిలిచి, ఒక్కొక్క యింట పిడికెడు అన్నము స్వీకరించి యాకలి తీర్చుకొనుట దీని క్రమము. అది విద్యార్థులకు విధింపబడిన ధర్మమే యనుకొన్నను, మొదటిసారి పరుల గుమ్మము నెదుట నిలుచు బాలుని మనస్సు ఎట్లుండునో ఊహింపవచ్చును. ఘంటసాల ఆ జోలె పట్టెను. విజయనగరపు గృహిణులు, తమ గుమ్మమున నిలిచిన బాలుడెవరో, మున్ముందు ఏమి కానున్నాడో యెఱుగకయే అన్నము పెట్టిరి. ఆ తల్లుల పేర్లు ఏ గ్రంథమునను లేవు. కాని ప్రఖ్యాతుడైన పిమ్మటను ఘంటసాల ఆ యన్నమును కృతజ్ఞతతో తలచుకొనెడివాడు.

సెలవుల యనంతరము కళాశాలలో చేరిన ఆ విద్యార్థి నాలుగేండ్ల పాఠక్రమమును రెండేండ్లలోనే ముగించెనని చెప్పుదురు. సంగీతాభ్యాసమనిన నేమో యెఱుగని చిన్నవారికొఱకు ఇచట కొంచెము వివరింతును. మొదట సరళీస్వరములు, పిదప జంటస్వరములు, అలంకారములు, గీతములు, వర్ణములు, తరువాత కృతులు. ఒక్కొక్క స్వరవరుసను మూడు కాలములలో, అనగా మెల్లగను, దానికి రెండింతలుగను, నాలుగింతలుగను పాడవలెను. నేటి పాఠము పలుకుటకు నిన్నటి పాఠము వందసారులు పాడియుండవలెను. విను వారికి ఇది విసుగు. సాధకునకు ఇదియే భోజనము. తెల్లవారుజామున లేచి కంఠమును మంద్రమునుండి తారస్థాయికి నడిపించుట ఆయనకు నిత్యకృత్యమయ్యెను. ఇట్లు సాధించి సంగీత విద్వాంసుడను పట్టమును పొంది స్వగ్రామమునకు మరలెను.

పట్టము చేతికి వచ్చినంతనే కీర్తి రాలేదు. గ్రామములలో పాటకచేరీలు చేయుచు, పిల్లలకు పాఠములు చెప్పుచు కాలము గడపెను. 1942వ సంవత్సరమున క్విట్ ఇండియా ఉద్యమము చెలరేగగా అందులో పాల్గొని, బళ్లారి సమీపమున నున్న అల్లీపురము కారాగారమున పదునెనిమిది మాసములు గడపెను. విడుదలయైన పిమ్మట 1944లో సావిత్రిగారిని వివాహమాడెను. అత్తవారి గ్రామమునకు వచ్చిన ప్రసిద్ధ చలనచిత్ర రచయిత సముద్రాల రాఘవాచార్యులుగారు ఆయన గానమును విని, మద్రాసునకు రమ్మని ఆహ్వానించిరి.

మద్రాసులోను తలుపులు వెంటనే తెఱవబడలేదు. ఒక గ్రామఫోను కంపెనీవారు ఆ కంఠము మైకునకు సరిపడదని త్రిప్పిపంపిరి. బసకు తగిన చోటు లేక కొన్ని రాత్రులు మాంబళములోని పానగల్ పార్కున నిద్రించి, పగలు స్టూడియోల చుట్టును తిరిగెను. 1944లో వచ్చిన 'శ్రీ సీతారామ జననము' చిత్రమున బృందగానములో నొక కంఠముగా పాడి, చిన్న వేషము గూడ ధరించెను. ఆకాశవాణి మద్రాసు కేంద్రమున బాలాంత్రపు రజనీకాంతరావుగారు ఆయనచే లలితగీతములు పాడించిరి. 1945లో విడుదలయైన వాహినీవారి 'స్వర్గసీమ' చిత్రమున భానుమతిగారితో కలిసి పాడుట కవకాశము కలిగెను. దానికి ఆయనకు ముట్టిన పారితోషికము 116 రూపాయలని చెప్పుదురు.

ఇచట పాఠకులు ఒక సంగతి గ్రహింపవలెను. చలనచిత్రములకు మాటలు వచ్చిన క్రొత్తలో ఎవరి పాటను వారే పాడుకొనవలసి యుండెడిది. తెలుగున మొదటి మాటలచిత్రమైన 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చెను. అప్పుడు నటుడు పాత్రకు తగినవాడా యనుటకంటె పాడగలవాడా యని ముందు చూచెడివారు. పాడుచు నటించునప్పుడే శబ్దమును చిత్రమును ఒక్కసారిగా పట్టవలసి వచ్చెడిది. 1935లో కలకత్తాలో ఒక క్రొత్త పద్ధతి యేర్పడెను. పాటను ముందుగా గాయకునిచే స్టూడియోలో పాడించి, శబ్దమును భద్రపఱచి, తరువాత దానిని వినిపించుచుండగా నటుడు పెదవులు కదలించుట ఆ పద్ధతి. దీనినే నేపథ్యగానమందుము. తెలుగు చిత్రములలో ఇది 1940 తరువాత క్రమముగా వ్యాపించెను. తొలిచిత్రములలో తన పాటలను తానే పాడుకొనిన అక్కినేని నాగేశ్వరరావుగారికి సయితము వేరొక కంఠము అవసరమైనది.

ఈ మార్పు కలుగకున్నచో ఘంటసాల గతి యేమగునో చెప్పజాలము. పదేండ్లు ముందు జన్మించియున్నచో ఆయన ఒక గ్రామోపాధ్యాయుడుగానే మిగిలియుండెడివాడేమో. అదృష్టము లేదనుట సత్యము కాదు. కాని అదృష్టము తలుపు తట్టిన దినమున, తలుపు తీయగల విద్య ఆయన కంఠమున సిద్ధముగా నుండెను. ఇదియే ఆయన చరిత్రలోని కీలకము.

ఆ దినము 1948లో వచ్చెను. అంతకుముందు ఆయన ఊరక కూర్చుండలేదు. గాలిపెంచల నరసింహారావు, సి.ఆర్. సుబ్బరామన్ మొదలగు సంగీతదర్శకుల యొద్ద సహాయకుడుగా పనిచేసి, ఏ వాద్యము ఏ పాటకు తగునో, ఎన్ని వాయులీనములు కలిసిన ఎట్టి ధ్వని పుట్టునో, మైకునకు ఎంత దూరమున నిలువవలెనో నేర్చుకొనెను. విద్వాంసుడను పట్టము పొందినవాడు మరల విద్యార్థియై కూర్చుండుటకు వినయము కావలయును గదా! 1948లో 'బాలరాజు' చిత్రము విడుదలయై తెలుగుదేశమున చిరకాలము ప్రదర్శింపబడెను. అందు నాగేశ్వరరావుగారి పాత్రకు ఘంటసాల పాడిన పాటలు పల్లెపల్లెలకు ప్రాకెను. మఱుసటి సంవత్సరము, 1949లో, 'కీలుగుఱ్ఱము' చిత్రమునకు సంగీతదర్శకత్వపు పూర్తిభారమును ఆయనయే వహించెను. అదియును ఘనవిజయము నొందెను. ఆ సంవత్సరముననే నందమూరి తారకరామారావుగారి మొదటి చిత్రమైన 'మన దేశము'నకును ఆయనయే సంగీతము కూర్చెను. 1951లో 'పాతాళభైరవి' వచ్చునప్పటికి ఆ కంఠ మెఱుగని తెలుగు గ్రామము లేకపోయెను.

లోకము చూచినది ఈ రెండు మూడు సంవత్సరములనే. కాని తండ్రి మరణించి బాలుడు గురువును వెదకబోయిన నాటినుండి లెక్కించినచో 'బాలరాజు' నాటికి దాదాపు పదునైదేండ్లు గడచినవి. విత్తనము నేలలో నున్న కాలమును ఎవ్వరును లెక్కింపరు. మొలక కనబడిన దినమునే పండుగ యందురు.

ఇక ఆ గానమున జనులను అంతగా నాకర్షించిన దేమో విచారింతము. మొదటిది మాటయొక్క స్పష్టత. ఆయన పాడునప్పుడు ప్రతి యక్షరమును వినబడును. వత్తులు, దీర్ఘములు చెడవు. పదము విఱువవలసినచోట విఱిగి, అర్థము శ్రోతకు చేరును. చదువురాని రైతు సయితము ఒకమారు విని పాటను పట్టుకొనగలిగెను. రెండవది మితము. నాటి గ్రామఫోను పలక నిమిషమునకు 78 మారులు తిరుగును. దాని యొక్క ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి సాగదు. కచేరీలో అరగంట సేపు పెంచదగిన రాగమును అంతలో ఇముడ్పవలెను. రాగమును లోతుగా నెఱిగినవాడే దాని స్వరూపమును రెండు మూడు సంగతులలో చూపగలడు. విజయనగరములో నేర్చిన శాస్త్రము ఇచట ఫలించెను. మూడవది భావము. ఒకే కంఠము ఒక చిత్రమున రాజకుమారునిదిగను, మఱియొక చిత్రమున త్రాగుబోతు ప్రేమికునిదిగను, ఇంకొకచోట భక్తునిదిగను మాఱెడిది. 1953లో వచ్చిన 'దేవదాసు' చిత్రపు పాటలలో దుఃఖమును ఏడ్పుగా మార్చక, కంఠమును అణచి పాడి శ్రోతలచే కంట తడి పెట్టించెను. ఆ పాటలకు బాణీలు కూర్చినది ఆయన యొకప్పుడు సహాయకుడుగా నున్న సుబ్బరామన్‌గారే. నాగేశ్వరరావుగారికి పాడునప్పుడు ఒకరీతిగను, రామారావుగారికి పాడునప్పుడు మఱియొకరీతిగను ఉచ్చారణను సవరించుకొనుట ఆయనకు అలవాటు. అందుచే వినువారు గాయకుని మఱచి, ఆ నటుడే పాడుచున్నాడని భ్రమించెడివారు.

పద్యమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. మన ప్రాంతమున నాటకములు చూచిన పెద్దలకు తెలియును. మైకులు లేని కాలమున రంగస్థల నటుడు కడపటి వరుసవానికి వినబడునట్లు పద్యమును బిగ్గరగా ఎత్తుకొని, కడపటి పాదమును దీర్ఘరాగముతో ముగించెడివాడు. ప్రేక్షకులు 'వన్సుమో'ర్లు కొట్టగా మరల పాడెడివాడు. దానిలో శక్తి యుండెను గాని, పలుమారులు రాగపు వఱదలో కవి మాట కొట్టుకొనిపోయెడిది. ఘంటసాల మైకును మిత్రునిగా చేసికొనెను. అఱవనక్కఱలేదు, కావున మాటను మాటగా పలికెను. రాగమును తగ్గించి, పద్యభావమునకు తగినంతయే నిలిపెను. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము', 'కుంతీకుమారి' ఖండికలు ఆయన కంఠమున గ్రామఫోను పలకలపై వెలువడి, పుస్తకము చేతబట్టని వారి నోళ్లలోను నిలిచినవి. తరువాత పద్యము పాడిన గాయకులు మిక్కిలిమంది ఆ మార్గముననే నడచిరి.

1957లో వచ్చిన 'మాయాబజారు' చిత్రమును గూర్చిన యొక సంగతి మనకు ముచ్చట గొలుపును. అందలి నాలుగు పాటలకు మొదట బాణీలు కట్టినవారు సాలూరు రాజేశ్వరరావుగారు. వారు ఆ పనినుండి తొలగిన పిమ్మట, ఘంటసాల ఆ బాణీలకు వాద్యగోష్ఠిని సమకూర్చి, మిగిలిన పాటలకు తానే స్వరములు కూర్చెను. రాజేశ్వరరావుగారును 1922లోనే జన్మించిరి. సాలూరు సమీపమున నున్న శివరామపురము వారి గ్రామము. వారి తండ్రియు మృదంగ విద్వాంసుడే. కాని రాజేశ్వరరావుగారు బాల్యముననే గ్రామఫోను పలకలకు పాడిరి. 1935లో 'శ్రీకృష్ణలీలలు' చిత్రమున బాలకృష్ణ వేషము ధరించి ప్రసిద్ధులైరి. ఒకే యేట పుట్టిన యిద్దరిలో ఒకరికి బాల్యముననే ద్వారము తెఱవబడెను. మఱియొకరు జోలె పట్టి వీథులు తిరిగిరి. ఇరువురును మహనీయులే యైరి. దీనివలన మనము నేర్వవలసిన దేమనగా, ఆకలి విద్యకు కారణము కాదు. అది విద్యకు విఘ్నము మాత్రమే. విఘ్నమును దాటిన వానిని కొనియాడుదము గాని, విఘ్నమును కొనియాడరాదు. ఆకలికి ఓర్వలేక మధ్యలో మరలిపోయిన బాలుర పేర్లు మనకు తెలియవు. వారిలో ఎన్ని మంచి కంఠములు మూగవోయినవో!

విజయనగరపు గడ్డ తరువాతి కాలమునను గాయకులను కన్నది. 1935లో ఆ పట్టణమున జన్మించిన పి. సుశీలగారు అదే సంగీత కళాశాలలో విద్యనభ్యసించి మద్రాసు చేరిరి. 1963లో వచ్చిన 'లవకుశ' చిత్రమునకు ఘంటసాల సంగీతము కూర్పగా, లవకుశుల పాటలను సుశీలగారును పి. లీలగారును పాడిరి. ఒక కళాశాల నుండి వేర్వేరు కాలములలో బయలుదేరిన ఇరువురు విద్యార్థులు ఒక్క పనిలో కలిసిరి. విద్యాలయము వలన దేశమునకు కలుగు లాభము ఇట్టిది. నాటిన వానికి ఫలము వెంటనే కానరాదు.

కీర్తి యంతయు సుఖమే యని విద్యార్థులు తలపగూడదు. ఘంటసాల స్వయముగా 'పరోపకారము' (1953), 'సొంత ఊరు' (1956), 'భక్త రఘునాథ్' (1960) అను చిత్రములను నిర్మింపగా, వానివలన ధననష్టమే కలిగెను. పాట నేర్చినవానికి వర్తకము రావలెనను నియమము లేదు గదా. విరామములేని పనిచే ఆరోగ్యము క్షీణించెను. 1970లో భారత ప్రభుత్వమువారు పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించిరి. 1971లో ఐరోపా, అమెరికా దేశములకు పోయి, అచటి తెలుగువారికి తమ భాషను పాటగా వినిపించెను. కడపటి దినములలో భగవద్గీతా శ్లోకములను తెలుగు తాత్పర్యముతో పాడి పలకలకెక్కించెను. అవి వెలువడునాటికి ఆయన లేడు. 1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన, ఏబదియొక్క యేండ్ల ప్రాయమున, మద్రాసులో మరణించెను. 2003లో భారత తపాలాశాఖవారు ఆయన చిత్రముతో తపాలాబిళ్లను వెలువరించిరి.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. అట్టి యదృష్టము మాకు పట్టగూడదా యని యడిగిన నాయనా, పట్టవచ్చును. కాని అది ఒక్క చిత్రముతో పట్టినది కాదు. నీవు విన్నది కడపటి మెట్టు శబ్దము మాత్రమే. దాని క్రింద సరళీస్వరములు, ఊడిగము, జోలె, చెఱసాల, పార్కులోని రాత్రులు, బృందగానము, సహాయకత్వము అను మెట్లు గలవు. మఱియొక మాట. ఇన్ని మెట్లెక్కినను కాలము కలిసిరాని గాయకులు కలరు. కావున కీర్తి కొఱకు పాట నేర్వవలదు. కీర్తి రాకున్నను నేర్చుకొనుట కిష్టమైనచో నేర్వుము. అప్పుడు నీ శ్రమ వ్యర్థము కానేరదు. సంగీతము నేర్చిన చెవి పద్యమును, భాషను, లెక్కను సయితము శ్రద్ధగా వినగలదు.

రెండవ ప్రశ్న యడిగిన తండ్రిగారికి మనవి. పాట కూడు పెట్టునా యని మీరడిగితిరి. పెట్టునని నేను పూచీపడజాలను. మీ భయము న్యాయమైనది. దినదినము శ్రమించి బిడ్డను చదివించు తండ్రికి తప్ప ఆ భయము తెలియదు. అందుచే బాలుడు పుస్తకమును విడువరాదని నేనును చెప్పుదును. ఘంటసాల యంతటివానికిని నియమిత పాఠక్రమము, పరీక్ష, పట్టము కావలసియే వచ్చినవి. పాట చదువునకు శత్రువు కాదు, పాటయే యొక చదువు. దినమున ఒక గంట కేటాయించి, ఎవరైన తెలిసినవారి యొద్ద క్రమముగా నేర్పించుడు. క్రమమునకు నిలిచెనా, ఆ విద్య వానియందు గలదని తెలియును. నిలువకున్నచో ఆ కోరిక దానంతటదియే చల్లారును. రెండు విధములను మీకు నష్టము లేదు. కాని పాడవద్దని కొట్టి మాన్పించినచో, వానియందు ఏమి యుండెనో మీకును తెలియదు, వానికిని తెలియదు.

తుదకు మనలను గూర్చియు, అనగా ఉపాధ్యాయులను గూర్చియు, ఒక మాట చెప్పి విరమింతును. ఈ చరిత్రలో నా మనస్సున నాటినది ఘనవిజయముల పట్టిక కాదు. సెలవులలో మూసిన కళాశాల యావరణమును ఒక యనాథబాలునకు విడిచిన అధ్యక్షుడు. ధనము కోరక పాఠము చెప్పిన గురువు. పేరైనను అడుగక పిడికెడన్నము పెట్టిన తల్లులు. వీరిలో ఎవ్వరును ఆ బాలుడు ఘంటసాల యగునని యెఱిగి సాయపడలేదు. వాడు ఆకలిగొన్న విద్యార్థి యని మాత్రమే యెఱుగుదురు. ఈ సంవత్సరము సెలవులలో మన పాఠశాల హాలును, హార్మోనియమును, పాట నేర్వగోరు పిల్లలకు వారమునకు రెండు సాయంకాలములు విడుచుట యుక్తమని నా తలంపు. వచ్చువారిలో గాయకు లెవరో మనకు తెలియనవసరము లేదు. తలుపు తెఱచియుంచుట మన పని.